చూడకుండ కొనిన యిల్లు



మా తార్నాకలో ఇప్పుడు ఏ వీథిలోనికి పోయినను ఒక పాత యిల్లు పడగొట్టబడుచుండుటయో, దాని చోట ఐదంతస్తుల కట్టడము లేచుచుండుటయో కానవచ్చును. ముంగిట మామిడిచెట్టు, ప్రక్కన చేదబావి, వెనుక పెరడు గల యిండ్లవి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పాఠములు చెప్పినవారును, చుట్టుప్రక్కల పరిశోధనాలయములలో పనిచేసినవారును తమ జీతములలో మిగిల్చి కట్టుకొనినవి. వారి బిడ్డలు సముద్రములు దాటి పోయిరి. చిత్రమేమనగా, ఆ పాత యిండ్ల స్థానమున లేచిన ఫ్లాటులను కొనువారిలోను అనేకులు సముద్రముల కావలివారే. ఫోనులో పటము చూతురు. ఫోనులోనే గదులు చూతురు. ఫోనులోనే బేరమాడి, బ్యాంకు ద్వారా సొమ్ము పంపుదురు. ఏడాదికో రెండేండ్లకో పిల్లల బడికి సెలవులు దొరకినప్పుడు పెట్టెలతో దిగి, తమ యింటి గడపను మొట్టమొదటిసారి త్రొక్కుదురు.

మన పెద్దలు దగ్గర నిలిచి ఇల్లు కట్టించుకొనిరి. గోడలు నడుమెత్తు లేచుసరికే ఏ కిటికీనుండి గాలి వచ్చునో, ఏ గదిలో మధ్యాహ్నము ఎండ పడునో ఇంటి యాడువారికి తెలిసిపోయెడిది. గృహప్రవేశము నాటికి ఆ యింటితో వారికి ఏడాది స్నేహము. ఇప్పుడు గృహప్రవేశము నాడే పరిచయము. ఈ పరిచయ మెట్లు జరుగునో, ఎక్కడ చిక్కుపడునో మా వీథిలోని యొక కుటుంబమునందు దగ్గరనుండి చూచితిని. వారి యనుమతితో, పేరులు విడిచి, ఈ మాసము ఆ సంగతి వ్రాయుచున్నాను.

ఆ అమ్మాయి సూర్యాపేట బిడ్డ. కోఠీ మహిళా కళాశాలలో బి.ఎస్సి. చదివి, ఉస్మానియా ఆవరణములో ఎం.ఎస్సి. ముగించి, పెండ్లియై అమెరికాలో టెక్సాసు రాష్ట్రమునకు పోయినది. డాలస్ నగరప్రాంతమున కాపురము పెట్టి ఇరువది రెండేండ్లైనది. తండ్రి గతించిన పిమ్మట తల్లి సూర్యాపేటలో ఒంటరియయ్యెను. అమెరికాకు రెండుమారులు పోయి చూచినది గాని, అచ్చటి చలియు, పగలంతయు మాటలేని యింటి నిశ్శబ్దమును ఆమెకు పడలేదు. అందుచేత కూతురు, ఆసుపత్రులకు దగ్గరగాను, తాను చదువుకొన్న చోటనే యుండునట్లుగాను తార్నాక నెన్నుకొనినది. సూర్యాపేట యిల్లు అమ్మగా వచ్చిన సొమ్ము కొంత, తానును భర్తయు కూడబెట్టినది కొంత కలిపి, నాలుగవ అంతస్తున ఒక ఫ్లాటు కొనిరి. మేనమామ కుమారుడు అధికారపత్రము పుచ్చుకొని వారి పక్షమున సంతకము చేసెను. దస్తావేజులో భార్యాభర్తల పేరులున్నవి. తల్లి పేరు లేదు. ఆ సంగతి అప్పుడెవరికిని తోచలేదు.

తల్లి ముందుగా వచ్చి కాపురము పెట్టినది. కూతురును, పదేండ్ల మనుమడును పదునాలుగు నెలల తరువాత వచ్చిరి. అల్లునికి సెలవు దొరకలేదు.

ఇంటిని సర్వాంగముల అమర్చినది కూతురే, డాలసునుండియే అమర్చినది. తలుపునకు తాళపుచెవి లేదు, అంకెల తాళము. ఒకనాటి మధ్యాహ్నము ఆ తల్లి క్రిందికి దిగి కరివేపాకు కొని తిరిగి వచ్చి, అంకెలు మరచిపోయి, మెట్లమీద కూర్చుండెను. నేను చూచి ఫోను చేయించితిని. అక్కడ తెల్లవారుజాము. కూతురు నిద్రలేచి, తన ఫోనుమీద ఏమో నొక్కగా, ఎనిమిది వేల మైళ్లకు పైబడిన దూరమునుండి ఇక్కడ తలుపు తెరచుకొనినది! చూచినవారందరును ఆశ్చర్యపడి మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని గాని, నా మనస్సులో ఒక ముల్లు మిగిలెను. తన యింటిలోనికి తాను పోవుటకు ఒకరిని నిద్రలేపి అడుగవలసిన స్త్రీని ఆ యింటి గృహిణి యనవచ్చునా?

వంటయింటి మాట వేరుగా చెప్పవలయును, ఏలయన చూడకుండ కొనిన యిల్లు మొదట బయటపడునది అక్కడనే. అరలు కప్పు దాక పోయినవి; ఆమె పొట్టి మనిషి; రెండవ అర దాటి చేయి పోదు. వంటయింటికిని హాలుకును నడుమ గోడ లేదు, కావున పోపు పెట్టినప్పుడెల్ల ఎండుమిరపకాయ ఘాటు పరుపుల దాక పోవును. గిన్నెలు కడుగు యంత్రమొకటి అమర్చిరి. మన అడుగంటిన పాల గిన్నెయు, ఇనుప మూకుడును అందులో పెట్టిన యెడల ఏమగునో మీరెరుగుదురు. ఆమె దానిలో అప్పడముల డబ్బాలు పెట్టుకొనినది. వెనుక నున్న చిన్న వసారాను బట్టలుతుకు యంత్ర మాక్రమించినది. మాణికేశ్వరనగరునుండి పనికి వచ్చు మనిషి మొదటినాడే చుట్టును చూచి, "గిన్నెలు ఏడ కూసోని తోమాలమ్మా?" అని యడిగినది. డాలసులో కూర్చుండి గదుల కొలతలు, పలకల రంగులు, దీపముల సంఖ్య అన్నియు నడిగిన ఆ చదువరి యమ్మాయికి ఈ యొక్క ప్రశ్న తోచలేదు. ఆమెను తప్పు పట్టను. ఆమె యింటిలో గిన్నెలు తోము మనిషి లేదు, కూర్చుండి తోముటయు లేదు. ఎవరి యింటిని వారు మనస్సులో పెట్టుకొనియే కొత్త యింటిని ఊహింతురు.

ఇక వారు వచ్చిన దినము. శంషాబాదునుండి అర్ధరాత్రి దాటిన పిమ్మట వచ్చిరి. తల్లి ఎఱ్ఱనీళ్లు దిష్టి తీసి లోనికి పిలిచినది. మరునాడు ఉదయము నేను పలుకరించుటకు పోయితిని. గంటసేపు కూర్చుంటిని. ఆ గంటలో కూతురు తల్లిని, "అమ్మా, చక్కెర ఎక్కడుంది? తీసుకోనా?" అని యడిగెను. తల్లి కూతురిని, "బిడ్డా, ఈ కుర్చీ ఇటు జరపొచ్చునా?" అని యడిగెను. మనుమడు మంచినీళ్లకు ఇద్దరి మొగమును చూచెను. ఒకరి నొకరు అనుమతి వేడుకొనుచుండిరి! ప్రేమ లేక కాదు. ప్రేమ మిక్కుటమై, ఎదుటివారి యింటిలో నున్నామను సంకోచముచేత. కూతురికది అమ్మ యిల్లు. అమ్మకది కూతురి యిల్లు. ఇద్దరు అతిథులు చేరిరి గాని ఆతిథ్యమిచ్చువారు లేరు.

నేను గోడలవంక చూచితిని. తెల్లగా, మేకు దెబ్బ లేక మెరయుచున్నవి. "అన్నగారి పటమేది?" అంటిని. ఆమె లోపలి గదిలోని బీరువా తెరచి, చీరలో చుట్టిపెట్టిన భర్త పటమును చూపినది. "గోడ పాడయితదేమోనని పెట్టలేదు, వదినె" అన్నది. పదునాలుగు నెలలు! కూతురు ఆ మాట విని, వంటయింటివైపు తిరిగి నిలుచున్నది. ఆమె కన్నులు తుడుచుకొనుట నేను చూడనట్లుంటిని.

ఆనాటి సాయంకాలము కొంత నవ్వును కలిగినది. ఆ యమ్మాయి తలంటుకొని, వెంట తెచ్చుకొన్న జుట్టు ఆరబెట్టు యంత్రమును గోడకు తగిలించెను. అమెరికాలో ఇండ్లకు వచ్చు విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. ఫోనులకును కంప్యూటరులకును ఉండు చార్జరులు సాధారణముగా రెండింటికిని ఓర్చునట్లు చేయబడును గాని, వేడి పుట్టించు యంత్రములు అన్నియు అట్లు చేయబడవు. అది ఒక్క నిమిషము గర్జించి, పొగ క్రక్కి, ప్రాణము విడిచినది. మాడు కంపు ఇల్లంతయు నిండెను. తల్లి పరుగెత్తి వచ్చి, కూతురి తలను తన కొంగుతో తుడుచుచు, కడుపుబ్బ నవ్వినది. పరదేశమునుండి వచ్చు మీ బిడ్డలకు ముందుగా ఒక ముక్క వ్రాయుడు: యంత్రముమీద 100 నుండి 240 వోల్టుల వరకని వ్రాసియుండిననే తేవలయునని.

మూడవనాడు వేకువన నలువురమును విశ్వవిద్యాలయపు ఆవరణమునకు నడచి పోయితిమి. తార్నాకవారికి ఆ చెట్లనీడల బాటలే ఉద్యానవనము. నడచువారు, పరుగెత్తువారు, పరీక్షలకు పుస్తకము పట్టుకొని చదువుచు తిరుగువారు కనబడిరి. ఆర్ట్సు కళాశాల యెదుట నిలిచితిమి. ఆ గులాబిరంగు రాతికట్టడమును ఎన్నిమారులు చూచినను నాకు తనివి తీరదు. 1918లో విశ్వవిద్యాలయము నెలకొనినప్పుడు దీనికి సొంత గృహము లేదు. నగరములో అద్దెయిండ్లలోనే తరగతులు నడచినవి. ఈ భవనమునకు 1934లో పునాది వేసిరి. 1939 డిసెంబరులో ప్రారంభోత్సవ మయ్యెను. కట్టుటకు ముందు నిజాము ప్రభుత్వము సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగు అను ఇరువురు నిపుణులను దేశదేశములకు పంపి, అచ్చటి విశ్వవిద్యాలయములను కన్నులార చూచి రమ్మనెను. వారి సిఫారసు మీదనే బెల్జియము దేశపు శిల్పి ఎర్నెస్టు జాస్పరు వచ్చి దీనికి రూపము కల్పించెను.

ఈ సంగతి నేను చెప్పుచుండగా, బాలుడు వచ్చీరాని తెలుగులో, "కట్టేది ఇక్కడ కదా, చూడడానికి అంత దూరం ఎందుకు పోయారు?" అని ప్రశ్నించెను. అమ్మమ్మ తడుముకొనక, "చూడకుంట కడితే మన వంటిల్లు లెక్క అయితది బిడ్డా" అన్నది. కూతురు పకపక నవ్వినది. అంతవరకు ఆ తల్లి ఆ యింటినిగూర్చి ఒక్క లోపము చెప్పి యెరుగదు. ఇక ఒకటొకటిగా అన్నియు వచ్చినవి: అర లందకుండుట, పోపు ఘాటు, తాళము, తోముటకు చోటు. చెట్టు క్రింద కూర్చుండి పూర్తిగా వినిరి.

ఆ మాటలలోనే మరొక మాట వచ్చినది. విశ్వవిద్యాలయమున్న అడిక్‌మెట్ భూములు ఒకప్పుడొక స్త్రీ జాగీరు. ఆమె మహ్‌లకా బాయి చందా. 1768లో పుట్టి 1824లో గతించినది. రెండవ, మూడవ నిజాముల కొలువులో మన్ననలందిన కవయిత్రి. ఉర్దూ పద్యముల దివాను ప్రకటింపబడిన తొలి స్త్రీగా ఆమె పేరు వినబడుచుండును. ఆమె త్రవ్వించినదని చెప్పు మెట్లబావి ఈ ప్రాంతముననే కలదు. ఆమె తోటకు తీగకంచె వేసి, దానియొద్ద కావలి నాకా పెట్టుటచేతనే తార్నాక యను పేరు వచ్చినదని చెప్పుకొందురు. "రెండేండ్లు ఇక్కడ చదివాను గాని, ఈ నేల ఎవరి పేరున ఉండేదో నాకు తెలియనే తెలియదు" అని కూతురు ఆశ్చర్యపడెను.

"నీ ఫ్లాటు ఎవరి పేరున నున్నది, తల్లీ?" అని నేనడిగితిని.

"మా ఇద్దరి పేరున, అత్తయ్యా. అమ్మదే అనుకోండి" అన్నది.

అనుకొనుటకును వ్రాసికొనుటకును గల యంతరమును గూర్చియే ఈ వ్యాసములో నేను ముఖ్యముగా చెప్పదలచినది. తల్లీబిడ్డల నడుమ కాగితమేల యని మనలో అనేకులందురు. ఇది అవిశ్వాసము కాదు. వారిరువురి నడుమ ఏ కాగితమును అక్కరలేదు. వారిలో నొకరు లేనినాడే అది అక్కరకు వచ్చును. 1956 నాటి హిందూ వారసత్వపు చట్టమును చూడుడు. కుమారుడు వీలునామా వ్రాయకుండ గతించిన యెడల, అతని తల్లి మొదటి తరగతి వారసురాలు. కోడలితోను మనుమలతోను సమానముగా ఆమెకొక వాటా వచ్చును. కుమార్తె అట్లు గతించిన యెడల వరుస వేరు. ఆమె స్వార్జితము మొదట కొడుకులకును, కుమార్తెలకును, భర్తకును పోవును. వారు లేనిచో భర్త వారసులకు పోవును. కన్న తల్లిదండ్రుల వంతు ఆ పిమ్మటనే. కొడుకు కొనిన యింటిలో తల్లికి గల నిలుకడ, కూతురు కొనిన యింటిలో ఆమెకు లేదన్నమాట! తల్లిని ప్రేమతో చూచుకొను కూతుండ్రు పెరుగుచున్న ఈ దినములలో ఇది ప్రతి స్త్రీయు తెలిసికొనవలసిన విషయము. మా పొరుగామె సూర్యాపేట యింటిసొమ్ము ఈ ఫ్లాటులో కలిసినది గదా. ఆ కలయికకు దస్తావేజులో ఒక్క అక్షరమైనను సాక్ష్యము లేదు.

దీనికి ఉపాయములు లేకపోలేదు. తల్లి బ్రతికియున్నంత కాలము ఆ యింటిలో నివసించు హక్కు ఆమెదేనని పత్రము వ్రాసి రిజిస్టరు చేయింపవచ్చును. కూతురును అల్లుడును వీలునామాలు వ్రాసి ఆమె నివాసమునకు భంగము లేకుండ చేయవచ్చును. వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు, ఇరువురు సాక్షులు సంతకము చేసిన చాలును. తమ ఆస్తిని బిడ్డలకిచ్చు పెద్దలు, తమ్ము పోషింపవలయునను నియమమును పత్రమునందే వ్రాయించుకొనిన మంచిది. ఆ నియమము తప్పినచో 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టము క్రింద ఆ బదిలీని రద్దు చేయుమని కోరవచ్చును. నోటి మాటగా ఇచ్చి, తరువాత ఆ చట్టమును తలచుకొనుటలో కష్టమెక్కువ. ఏది తమకు తగునో ఒక న్యాయవాది నడిగి చేసికొనవలయును.

పరదేశమున నున్నవారు ఇక్కడ ఇల్లు కొనుట కష్టమని యెవరైన చెప్పిన నమ్మకుడు. 1999 నాటి విదేశీ మారకద్రవ్య చట్టము ననుసరించి, విదేశములందున్న మన పౌరులును, ఓ.సి.ఐ. కార్డు గలవారును రిజర్వు బ్యాంకు ప్రత్యేకానుమతి లేకయే ఇండ్లు కొనవచ్చును. ఆ ఓ.సి.ఐ. పద్ధతికి శ్రీకారము చుట్టినది మన హైదరాబాదులోనే, 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసి భారతీయుల సభలో. అయితే పొలములు, తోటలు, ఫారంహౌసులు వారు కొనరాదు. సొమ్ము బ్యాంకు మార్గముననే రావలయును. డాలరు నోట్లు చేత పెట్టి బేరము ముగించుట చెల్లదు. అధికారపత్రము మీద మాత్రమే ఇల్లు అమ్ముదునను వారిని దూరముంచుడు: అట్టి పత్రముచేత స్వామ్యము చేతులు మారదని 2011లో సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పినది. మా అమ్మాయి కుటుంబము ఇవన్నియు సరిగానే నడపినది. దస్తావేజు గట్టిదే. అది గట్టిదైనకొలదియు అందులో పేరు లేనివారి స్థితి పలుచనగుచున్నది.

ఈ విషయము విన్నప్పుడు తల్లి అసలు ఒప్పుకొనలేదు. "నాకెందుకు కాగితం? నేనెన్నాళ్లుంట?" అని చీర కొంగు నులుముచు కూర్చుండెను. మన యాడువారు ఈ మాట నెన్ని తరములుగా అనుచున్నారో! ఇంటి పన్ను రసీదు దాచునది ఆమె. నీళ్లబండి రానినాడు క్రిందికి దిగి అరచునది ఆమె. లిఫ్టు ఆగిన వేసవిలో నాలుగంతస్తులు మోకాళ్లు పట్టుకొని ఎక్కునది ఆమె. కాగితము మాత్రము ఆమెకెందుకు!

ఆ వారములోనే వారు కోఠీకి పోయిరి. కూతురు చదివిన కళాశాలను కొడుకునకు చూపవలయునని కోరిక. 1924లో పుట్టిన ఆ మహిళా కళాశాల ఉస్మానియాకు చెందినదై యుండి, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైనది. అది పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ. దానిని కట్టించిన కిర్క్‌పాట్రిక్కు దొర హైదరాబాదు ఉన్నత కుటుంబములోని ఖైరున్నీసాను వివాహమాడెను. వారికిద్దరు బిడ్డలు. 1805లో, ఐదేండ్లైన నిండని ఆ పసివారిని ఓడ నెక్కించి ఇంగ్లండునకు పంపిరి. తండ్రి ఆ సంవత్సరమే కలకత్తాలో మరణించెను. తల్లి 1813లో గతించెను. బిడ్డలను మరల చూడలేదు. కూతురు కిట్టీ అక్కడనే పెరిగి పెద్దదై, 1841 ప్రాంతమున హైదరాబాదులోని తన అమ్మమ్మకు ఉత్తరములు వ్రాయుట మొదలిడెను గాని, తాను పుట్టిన నగరమును మరల త్రొక్కలేదు. సాయంత్రము మా యింటికి వచ్చి ఆ కథ చెప్పుచు మా పొరుగామె, "ఉత్తరాలు రాసిందంట వదినె, రాలేదంట" అని రెండుమారులు చెప్పినది. ఆమె చూపు, మా యింటి ముంగిట మట్టిలో ఆడుకొనుచున్న మనుమనిమీద నుండెను.

ఆ రాత్రియే ఆమె కూతురితో, కాగితము వ్రాయించుమన్నదట. తనకొరకు కాదట. "నేనుంటె వీడు వస్తడు. నేనీ ఇంట్ల గట్టిగ ఉండాలె" అన్నదట. న్యాయవాదులు చెప్పు కారణములకన్న నాకిది గట్టి కారణముగా తోచినది. బిడ్డలు గోడలను చూచుటకు రారు; లోపలి మనిషికొరకు వత్తురు.

తక్కిన పనులు త్వరగనే జరిగినవి. గిన్నెల యంత్రము నమ్మివేసిరి. ఆ చోట జానెడెత్తు అరుగు కట్టించి, నీటి కుళాయి క్రిందికి దింపిరి. పని మనిషి యిప్పుడు అక్కడ కూర్చుండి తోముచున్నది. నిత్యము వాడు పప్పుల డబ్బాలు క్రింది అరలలోనికి దిగినవి. అంకెల తాళమునకు తోడుగా మామూలు తాళమొకటి వేయించి, చెవులు మూడు చేయించిరి: తల్లి కొకటి, నా కొకటి, డాలసునకు పోవుట కొకటి. హాలునకును వంటయింటికిని నడుమ తలుపు పెట్టించుట మాత్రము కుదరలేదు. పోపు ఘాటు నేటికిని పరుపులను వెదకికొని పోవుచున్నది. మేకు కొట్టినది మనుమడు. మొదటిది వంకరపోయి సున్నము రాలినది. రెండవదానికి తాతగారి పటము తగిలించిరి.

కట్టడములోని యజమానుల సంఘమునకు, తమ బదులు తల్లి వచ్చి మాటాడునని కూతురొక లేఖ వ్రాసియిచ్చినది. అది చిన్న పనిగా కనబడును గాని, దాని ఫలితము నేను కన్నులార చూచితిని. అంతవరకు "నాలుగవ అంతస్తు అమెరికావాళ్ల అమ్మ" యని పిలువబడిన ఆమె, మరుసటి నెల సమావేశములో లేచి, నీళ్లబండి లెక్కలు చదివి వినిపింపుమని యడిగినది.

వారు మూడు వారములుండి పోయిరి. నివాసపు హక్కు పత్రము చిత్తుప్రతి సిద్ధమైనది. కూతురు ఇక్కడ నుండగనే తన సంతకము చేయగలిగెను గాని, రెండవ హక్కుదారు అల్లుడు డాలసులో నున్నాడు. అతడు ఇక్కడివారొకరికి అధికారపత్రము వ్రాసి, హ్యూస్టనులోని మన కాన్సులేటులో ధ్రువపరచి పంపవలయును. అది ఈ దేశమునకు చేరిన మూడు నెలలలోపల ఇక్కడ స్టాంపు వేయింపవలయును. తొలిసారి ఇల్లు చూడ వచ్చువారు భార్యాభర్తలిరువురును కలసి వచ్చిన యెడల ఈ తిరుగుడు తప్పును. అల్లుడు మంచివాడే, ఫోనులోనే సరే యన్నాడు. పత్రము బయలుదేరినదని నిన్న కబురు వచ్చినది. వచ్చిన పిమ్మట సబు రిజిస్ట్రారు కచేరీకి ఆమె వెంట నేనును పోవలసియున్నది. సాక్షి సంతకములలో ఒకటి నాదట.